పెట్టెకు పడ్డ ఎర్ర తాళం

పోయిన భాగంలో పిడుగు అనే పిల్లను మనం ఇనప ట్రంకుపెట్టె ముందు వదిలి వచ్చాం. చేతిలో పొడుగు పిడుల కట్టరు, కళ్ళలో నీళ్ళు, ముక్కు మీద కోపం. పెట్టెకు వాళ్ళ నాన్న తగిలించిన ఎర్ర తాళం. పెట్టె లోపల ఆ పిల్ల సర్టిఫికెట్లు. ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా వాటికి ఫొటోలు తీసి పక్క రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి పంపితే సీటు దక్కుతుంది. పంపకపోతే వెనక వరసలో కాచుకున్న ఇంకో పిల్ల ఎగరేసుకుపోతుంది.

పిడుగు చదవాలనుకున్నది మట్టి. అవును, మట్టే. ఏ నేల నీళ్ళు తాగుతుంది, ఏ నేల కక్కేస్తుంది, ఏ కొండచరియ ఎప్పుడు జారుతుంది, అదీ చదువు. సొంత రాష్ట్రంలో దానికి ఒక్కటే పేపరు. సుద్దముక్కతో బోర్డు మీద మట్టి బొమ్మ గీసి, గంట కొట్టగానే చెరిపేస్తారు. పక్క రాష్ట్రంలో దానికి ఏకంగా ఓ డిపార్టుమెంటు, సొంత పొలాలు, పొలాల పక్కనే హాస్టళ్ళు. అదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే, జనం పన్నులతో కట్టిందే. కానీ పిడుగు సరిహద్దు గీతకు ఇవతల పుట్టింది గనక "బయటిది" అట, బయటివాళ్ళకు ఫీజు వేరట. ఆ గీత గీసిన పెద్దమనుషులు మట్టిని అడిగి గీశారా? గీత దగ్గరికి రాగానే మట్టి ఆగిపోయిందా? సరే, మార్కులు చూసి ఆ ఫీజు మాఫీ చేశారు. ఆ గొడవ తేలింది. తేలనిది నాన్న ఒక్కడే.

నాన్న లిఫ్టు మెకానిక్కు. ఆ పనిలో ఓ కట్టుబాటు ఉంది. లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగేవాడు ముందు మెయిన్ స్విచ్చి కట్టేసి దానికి తన ఎర్ర తాళం వేసుకుంటాడు. దానికి ఒకటే తాళంచెవి, అది అతని జేబులోనే. తాళం వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నాడని. మేనేజరైనా సరే, మంత్రైనా సరే, ఇంకొకడి తాళం ముట్టకూడదు. ముడితే ఒక మనిషి నలిగిపోతాడు. సీటు మాట వచ్చిన రోజు నాన్న వాదించలేదు, అరవలేదు. పనిసంచీలోంచి అన్నిటికన్నా పాత తాళం తీసి పెట్టె గొళ్ళేనికి వేశాడు. "నేను చూసి తేల్చేదాకా ఎవరూ ముట్టద్దు" అన్నాడు. అంతే.

ఇప్పుడు చదవండి.

"కొయ్యవే. నేను చెప్తున్నాగా, కొయ్యి" అంది అమ్మ. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి ఆమెకు ముడతంటే గిట్టదు. ఇంట్లో ఏ గొడవలో ముడత కనిపించినా వేడివేడిగా మీద పడిపోతుంది. ఆ కట్టరు ఎక్కడినుంచి ఎరువు తెచ్చిందో ఆమెకే తెలియాలి.

"కొయ్యి, కొయ్యి. ముందు నన్ను కొయ్యి" అంది అత్త.

నాన్నకు అక్క అయిన ఈ అత్త పెట్టె మీద కూర్చుని ఉంది. పొద్దున కాఫీ కూడా అక్కడికే తెప్పించుకుంది.

"వదినా, మీరు లేవండి. పిల్ల బతుకు."

"లేవను. మట్టి చదువుకోడానికి రాష్ట్రం దాటాలా? ఇక్కడ మట్టి లేదా? వీధి చివర కాలవ తవ్వుతున్నారు, వెళ్ళి చదువుకోమను."

"అత్తా!"

"ఏంటే అత్తా? అత్త మంచిదే కాబట్టి చెప్తోంది. ఆ సరిహద్దు దాటి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. నాకు తెలుసు."

ఆ మాట ఊరికే అన్నది కాదు. అత్త మొగుడూ లిఫ్టు మెకానిక్కే. నాన్నకు పని నేర్పింది ఆయనే. పిడుగు పుట్టకముందు, పని ఉందని సరిహద్దు దాటాడు. కొన్నాళ్ళు కబుర్లు వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి. అప్పట్నుంచి అత్త తమ్ముడింట్లోనే ఉంది. ఆయన పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే అత్త ఆ పూట గిన్నెలు తోమే చప్పుడు పక్కింటిదాకా వినిపిస్తుంది.

పిడుగు కట్టరు వంక చూసింది. తాళం వంక చూసింది. కోయడం ఎంతసేపు? ఒక్క నొక్కు. కానీ చేతులు రాలేదు. మాటలు రాకముందే ఆ పిల్లకు నేర్పిన పాఠం అది. నడక నేర్చుకునే వయసులో నాన్న పనిసంచీలో చెయ్యి పెట్టి ఎర్ర తాళం పట్టుకుంటే, ఎన్నడూ చెయ్యెత్తని మనిషి చేతి మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బ ఇంకా అక్కడే ఉంది.

కట్టరు అమ్మ చేతికిచ్చి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"తాళం వేసినాయన దగ్గరికి."

*

నాన్న పని చేస్తున్న భవనం పాతది, పొడుగుది. కింద పళ్ళ డాక్టరు, పైన కాపురాలు. మెట్ల మీద సంచులు మోస్తూ మనుషులు, ప్రతి మలుపులో రొప్పుతూ ఒకరు. పిడుగు అందరినీ తప్పించుకుంటూ పై అంతస్తుకు ఎక్కేసరికి వరండాలో గ్రీజు మావయ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మావయ్య నాన్నకు జోడీ. ఒకడు లోపల ఉంటే ఒకడు స్విచ్చి దగ్గర ఉండాలి, అదీ కట్టుబాటే. గోడ మీద స్విచ్చిపెట్టెకు ఎర్ర తాళం. ఎదురుగా లిఫ్టు తలుపు బార్లా తెరిచి, అడ్డంగా పసుప్పచ్చ కమ్మీ. లిఫ్టు కొంచెం కిందికి ఆగి ఉంది. దాని కప్పు మీద నిలబడి నాన్న తాడు తడుముతున్నాడు. ఛాతీ నుంచి పైకే కనిపిస్తున్నాడు.

"కమ్మీ దాటకు పిల్లా" అన్నాడు మావయ్య.

"దాటను. నాన్నా, తాళం తియ్యి."

నాన్న తల తిప్పలేదు. "ఇంటికెళ్ళు. పనిలో ఉన్నా."

"ఎప్పుడూ పనిలోనే. చూసి తేలుస్తానన్నావు. ఏం చూశావు? పోయిన వారం రెండ్రోజులు వేరే ఊరు పనికి పోయి కూర్చున్నావు. ఇవాళ ఆఖరి రోజని నీకు తెలుసు."

"పోయిన వారమా?" అన్నాడు గ్రీజు మావయ్య. "వేరే ఊరు పనేంటి? గురు కడుపునొప్పని సెలవు పెట్టాడు కదా!"

తాడు మీద నాన్న చెయ్యి ఆగిపోయింది.

షాఫ్టు అంటే ఇటుకలతో కట్టిన గొట్టం. పైన గుసగుసలాడినా కింద గంట కొట్టినట్టు వినిపిస్తుంది. కింద ఏ అంతస్తులోంచో ఓ ఆడగొంతు తేలి వచ్చింది.

"పాపం, తగ్గిందా కడుపునొప్పి?"

"నోరు మూస్తావురా కాస్త" అన్నాడు నాన్న జోడీని.

"నేనేమన్నాను గురూ, ఉన్నమాటేగా!"

పిడుగు కమ్మీకి ఇవతల బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఎక్కడికెళ్ళావు నాన్నా?"

నాన్న మళ్ళీ తాడు తడమబోయాడు.

"నేను లేవను. నువ్వు బయటికి రావాలన్నా నన్ను దాటే రావాలి."

నాన్న నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడిచాడు. ఆఖరికి, గోడ వైపు తిరిగి అన్నాడు. "అక్కడికే. నీ మట్టిబడికి."

పిడుగు కమ్మీ దాకా జరిగింది.

"చూసి తేలుస్తానన్నాను కదా" అన్నాడు నాన్న, తప్పు చేసినవాడిలా. "చూడకుండా ఎలా తేలుస్తాను? వాళ్ళు పంపిన పుస్తకంలో బొమ్మలు చూశాను. అందరూ నవ్వుతున్నారు. చెట్టు కింద నవ్వు, మెట్ల మీద నవ్వు. ఏ బడి పిల్లలు అంతసేపు నవ్వుతారు? అందుకే బస్సెక్కాను."

"ఏం వేసుకెళ్ళావు?"

"యూనిఫాం. నా బట్టల్లో మంచిది అదేగా."

గ్రీజు మావయ్య నెత్తి కొట్టుకున్నాడు.

అసలు తిరకాసు అక్కడే వచ్చింది. గేటు దగ్గర కాపలా మనిషి నాన్న యూనిఫాం చూశాడు, జేబు మీద కుట్టిన లిఫ్టు బొమ్మ చూశాడు. "ఇప్పుడా రావడం? పిల్లలు లోపల ఇరుక్కుపోయారయ్యా!" అని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. పోయిపోయి మట్టి డిపార్టుమెంటు ఉన్న భవనంలోకే.

"నేను ఆ మనిషిని కానని చెప్పొచ్చుగా నాన్నా!"

"లిఫ్టులో మనుషులున్నారు అన్నాక, నేను కాదని ఎలా చెప్తానే?"

కానీ పరాయివాళ్ళ లిఫ్టు. దాని మీద చెయ్యి వేసే హక్కు నాన్నకు లేదు, అసలు మెకానిక్కు ఇంకో భవనం నుంచి రావాలి. అప్పుడు నాన్న ఈ పనిలో మొదటి రోజు నేర్పే పని చేశాడు. ఇరుక్కున్నవాళ్ళను మాట్లాడించడం. మాట్లాడుతున్న మనిషి భయపడడు. మామూలుగా అయితే పేరేంటి, ఏం తిన్నావు అని అడుగుతాడు. ఆ రోజు నాన్న దగ్గర అడగడానికి ఇంకా చాలా ఉన్నాయి. తలుపుల సందుకు చెవి ఆనించి, ఒక్కోటీ అడిగాడు. వాళ్ళెక్కడికి పోతారు? తప్పించుకునే దారే లేదు.

"వాళ్ళని లోపలేసి ఇంటర్వ్యూ చేశావా గురూ?" అన్నాడు మావయ్య.

"పాఠం తెలీకపోతే ఎవరిని అడుగుతారు అన్నాను. 'మేడం పొలంలో ఉంటుందండీ, ఎప్పుడైనా వెళ్ళి అడగొచ్చు, కాకపోతే ముందు చేతికి పార ఇస్తుంది' అన్నారు. జ్వరమొస్తే? పక్క గదివాళ్ళు స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్తారట. ఆకలేస్తే? హాస్టలు వంటగదికి తాళం వెయ్యరట. అప్పుడు అడిగాను అసలుది. బయటి రాష్ట్రం పిల్లల్ని ఎలా చూస్తారు?"

"ఏమన్నారు?" అంది పిడుగు.

"ఒకబ్బాయి చెప్పాడు. మొదటి నెల తన మాటకి అందరూ నవ్వారట. గదిలో కూర్చుని గోడకి చెప్పుకున్నాడట. తర్వాత వాళ్ళ మాటకి వీడు నవ్వడం మొదలెట్టాడు. 'ఇప్పుడు ఎవరి మాట ఎవరిదో మాకే తెలీట్లేదండీ' అన్నాడు."

పుస్తకంలో బొమ్మలు అబద్ధం చెప్తాయి. తలుపు మూసుకుపోయిన డబ్బాలో, చెమటలు కారుతున్న పిల్లలు అబద్ధం చెప్పరు. ఏ బడి ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి దారి నాకూ తెలీదు.

"ఇంతలో లోపల ఓ పిల్లకి ఊపిరాడలేదు" అన్నాడు నాన్న. "ఏడుపు మొదలెట్టింది. నేను ఇవతల, ఏం చెయ్యను? మిగతావాళ్ళే కూర్చోబెట్టారు. ఒకడు పుస్తకంతో విసిరాడు. ఒకమ్మాయి ఒడిలో తల పెట్టుకుంది. 'నీ పేరేంటి?' అని అప్పుడు అడిగారు, వింటున్నావా? అప్పుడు! అప్పటిదాకా ఒకళ్ళ పేరు ఒకళ్ళకి తెలీదు." నాన్న తాడు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "జోడీ లేకుండా లోపలికి దిగకూడదు పిడుగూ. నా భయమల్లా అదే. నా కూతురు అక్కడ లోపలికి దిగితే స్విచ్చి దగ్గర ఎవరుంటారు? ఆ రోజు తెలిసింది. ఎవరో ఒకరు ఉంటారు."

"మట్టి? మట్టి చూశావా?"

"మోశాను."

"మోశావా?"

"ఆ మెకానిక్కు వచ్చేలోగా మోకాళ్ళదాకా బురదతో ఒకావిడ వచ్చింది. వెంట చెక్కపెట్టెలో ఇంత పొడుగు మట్టి దిమ్మ. లిఫ్టు లేదంటే 'అయితే ఆ చివర పట్టుకో' అంది. మోస్తుంటే తెలిసింది ఆవిడే మీ మేడమని. పైన హాల్లో గోడ నిండా అవే. నిలువునా కోసిన నేల. నల్లది, ఎర్రది, బూడిదరంగుది, ఒకదాని కింద ఒకటి. నువ్వు చెప్పేదానివి కదా, నేలకి కూడా అంతస్తులుంటాయి నాన్నా అని. నేను నవ్వేవాణ్ణి. ఉన్నాయే. నిజంగా ఉన్నాయి."

పిడుగు ముక్కు ఎగబీల్చింది. "ఇంత చూసొచ్చి తాళం ఎందుకు తియ్యలేదు మరి? వారం రోజులు నన్ను చంపావు కదా నాన్నా!"

నాన్న గ్రీజు మావయ్యను చూశాడు. చూడకూడని చోట చూసినట్టు వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు."

"తాళంచెవి జారింది."

గ్రీజు మావయ్య స్టూలు మీదనుంచి లేచాడు.

"మట్టి మోసి దిగొచ్చాక మళ్ళీ తలుపు సందుకి ఒరిగాను, పైజేబులోది జారింది. టింగుమని ఆ లిఫ్టు అడుగు గోతిలో పడింది. పైనుంచి మెకానిక్కు 'ఎవడ్రా అక్కడ, తప్పుకో!' అని అరుస్తున్నాడు. అవతల నా బస్సుకి టైమైంది. కాపలా మనిషికి నా నంబరిచ్చి, దొరికితే ఫోన్ చెయ్యమని వచ్చేశాను."

"గురూ" అన్నాడు గ్రీజు మావయ్య. మొహం దీపంలా వెలిగిపోతోంది. "గురూ, నీకు చెవి జారిందా? నీకు?"

సంగతేమిటంటే, ఈ పనివాళ్ళలో చెవి గోతిలో జార్చుకోవడం కన్నా తలవంపులు లేదు. ఎప్పుడో ఒకసారి మావయ్యకు జారింది. ఆ రోజునుంచి నాన్న ఆయన్ని "జారుడుబల్ల" అని పిలిచాడు. పెళ్ళిలో పిలిచాడు, చావులో పిలిచాడు, మేనేజరు ముందు పిలిచాడు. పోయిన చెవి సంగతికి కూడా కట్టుబాటు ఉంది. తాళం సొంతదారు జోడీని సాక్షిగా నిలబెట్టి తన చేత్తోనే కోయాలి. జోడీ అంటే ఎవరు? ఈ మహానుభావుడే.

"ఈ మొహం చూడలేకే" అన్నాడు నాన్న. "ఇవాళ పని కాగానే వీణ్ణి తీసుకొచ్చి కోద్దామనే అనుకున్నా. పొద్దుట్నుంచీ నోరు రావట్లేదు."

"నా సీటు పోయేది నాన్నా! నీ పరువుకి నా సీటు పోయేది!"

"అవునే" అన్నాడు నాన్న. తల వంచాడు. "పోయేది."

"ఏమయ్యా మెకానిక్కూ!" కింది అంతస్తులోంచి ముసలి గొంతు గట్టిగా వచ్చింది. "నా మోకాళ్ళ బాధ నేను పడతాను. నువ్వు ముందు వెళ్ళి ఆ పెట్టె తెరువు!"

"వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడు ఇంకా కిందనుంచి పళ్ళ డాక్టరు.

నాన్న కమ్మీ పట్టుకుని బయటికి వచ్చాడు. స్విచ్చిపెట్టె తాళం తీశాడు. దానికి చెవి ఉంది, రెండుసార్లు తడిమి చూసుకుని మరీ తీశాడు.

*

అత్త ఇంకా పెట్టె మీదే ఉంది. అమ్మ కట్టరు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదని గదిని చూస్తేనే తెలుస్తోంది.

"అక్కా, లే" అన్నాడు నాన్న. "నా తాళం. నేనే వేశాను, నేనే తీస్తున్నాను."

అత్త తమ్ముణ్ణి చూసింది. లిఫ్టు మెకానిక్కుకు పెళ్ళాం, లిఫ్టు మెకానిక్కుకు అక్క. వేసినవాడు తీస్తానంటే అడ్డం కూర్చునే హక్కు ఎవరికీ లేదని ఆమెకు వేరే చెప్పాలా? లేచింది. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి, వంటగదిలోకి వెళ్ళి, గిన్నెలు ముందేసుకుంది.

నాన్న కోశాడు. మావయ్య సాక్షిగా నిలబడి, "జారుడుబల్ల గారి తాళం తెగింది" అని వీధికంతా వినబడేలా ప్రకటించాడు. నాన్న మారు మాట్లాడలేదు. అంత బాకీ ఉన్నాడు మరి.

అమ్మ కాగితాలు దుప్పటి మీద పరిచి అరచేత్తో సాపు చేసింది. పిడుగు ఫొటోలు తీసింది. ఒకటి మసగ్గా వచ్చింది, మళ్ళీ తీసింది. పంపింది. ఫోను తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. నలుగురూ దాని మీద వంగారు. చక్రం తిరుగుతూనే ఉంది. మావయ్య గ్రీజు చెయ్యి అమ్మ ఉతికిన దుప్పటి మీద ఆనించాడు, అమ్మ చూసి కూడా ఏమీ అనలేదు. అలాంటి క్షణం అది.

"అందింది. మీ సీటు ఖాయమైంది" అని తెర మీద వచ్చింది.

పిడుగు పెట్టె మీద కూలబడింది. వారం రోజులుగా భుజాల మీద కూర్చున్నదేదో దిగిపోయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ముందు ఆకలేసింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ గబగబా పళ్ళెం తెచ్చింది. నాన్న పక్కన కూర్చుని, తెగిన తాళం చేతిలో తిప్పుతూ, "మేడం పార ఇస్తే రెండు చేతుల్తో పట్టుకో, నడుం విరుచుకోకు" అన్నాడు. ఆ ఇంట్లో అది దీవెన.

అప్పుడు నాన్న ఫోను మోగింది. తెలీని నంబరు. చేతులకు నూనె ఉందని నాన్న స్పీకరు నొక్కి పెట్టె మీద పెట్టాడు.

"మీ తాళంచెవి దొరికిందండీ" అంది అవతల ఓ మగ గొంతు. వయసు మళ్ళిన గొంతు. "నేను ఇక్కడ లిఫ్టులు చూస్తాను. గోతిలో దిగి తీశాను. ఒక్క మాట అడగొచ్చా? దీని మీద బల్లి బొమ్మ గీసి ఉంది."

నాన్న తెగిన తాళం పక్కన పెట్టి ఫోను మీదికి వంగాడు. అది తన మొదటి తాళపు చెవి. పని నేర్చుకునే రోజుల్లో షాఫ్టు గోడకు అతుక్కుని పాకుతున్నాడని, నేర్పే ఆయన నవ్వుకుంటూ మేకుతో గీసిన బొమ్మ.

"ఇది నేను గీసిందే" అంది గొంతు. "బల్లీ... నువ్వేనట్రా?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"బావా" అన్నాడు నాన్న.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆకాశం విరుచుకుపడుతుందని పిడుగు పళ్ళెం పక్కకు జరిపింది. అత్త ఫోను అందుకుంది. నోటికి దగ్గరగా పెట్టుకుంది. అవతలివాళ్ళ ఊపిరి గదిలో అందరికీ వినిపిస్తోంది.

"మా పిల్ల ఆ బడికి చదువుకోడానికి వస్తోంది" అంది అత్త. "ఆ లిఫ్టు ఆగకుండా చూడు."

ఫోను కట్టేసింది. ఎవరి వంకా చూడలేదు. వంగి, తాళం లేని పెట్టె మూత ఎత్తి, లోపలికి తొంగి చూసింది.

"పిడుగూ, ఇందులో నీ బట్టలు పోగా నా రెండు జతలకి చోటుంటుందా?"